మా కోల్‌బెల్టుకు సున్నా

మందులకు లొంగని క్రిములను అదుపు చేసే జాతీయ ప్రణాళికలో మన రాష్ట్రం వాటాకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేయాలని సార్ నన్ను హైదరాబాద్ పిలిచారు. సార్ నాకు మైక్రోబయాలజీ చెప్పిన గురువు, ఆ అంచనాలు చూసే కమిటీకి పెద్ద. "గోదావరిఖని పిల్లవి, మీ బొగ్గు గనుల బెల్టు సంగతి నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారమ్మా?" అన్నారు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను.

అంచనా అంటే చాలామంది మిషను ధర రాసి చేతులు దులుపుకుంటారు. నేను అట్లా రాయలేదు. పుండులోని చీములో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పని చేస్తుందో చెప్పే ల్యాబు మా దగ్గర నడవాలంటే మిషను ఒకసారి కొంటే సరిపోదు. పరీక్ష చేసే మనిషికి జీతం, రసాయనాలు, కరెంటు పోతే జనరేటరు, రిపేర్లు ఏటేటా కావాలి. అన్నీ రాశాను. "భేష్, ఇది ఉంటుంది. నాది పూచీ" అన్నారు సార్.

ఆ పూచీ నమ్ముకుని మా కాలనీకి పోయాను. అక్కడ ప్రతి ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. బొగ్గు కంపెనీ దవాఖానలో ఉచితంగా ఇచ్చిన గోలీలు, సగం వాడి మానేసినవి, అందులో పడతాయి. జ్వరమొస్తే పక్కింట్లో పెరుగు తోడు అడిగినట్టు గోలీ అడుగుతారు. ఊరి నుంచి వచ్చిన చుట్టం చేతిలో కూడా నాలుగు పెట్టి పంపిస్తారు. ఆ అరకొర వాడకమే క్రిములను మొండివి చేస్తుందని వివరించాను. "ఈడనే ల్యాబ్ వస్తది. టెస్ట్ చేసి సరైన మందే ఇస్తరు. గీ డబ్బాలు బంద్ చెయ్యుండ్రి" అన్నాను. మా కాక, అంటే నాన్న తమ్ముడు, బొగ్గు బాయిలో పని చేసి రిటైరైన మనిషి, అందరికంటే ముందు తన డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "మా బిడ్డ చెప్పినంక ఫికర్ ఏంది?" అన్నాడు. ఆయన్ను చూసి తక్కినవాళ్లూ తెచ్చారు.

ప్లాను అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. ర్యాలీలకు డబ్బుంది, పోస్టర్లకు ఉంది, సమావేశాల భోజనాలకు కూడా ఉంది. మా బెల్టు గడిలో సున్నా. సార్‌కు ఫోన్ చేశాను. "మీకు కంపెనీ ఉంది కదమ్మా, వాళ్లు చూసుకుంటారు. ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా" అన్నారు, ఎంతో మెత్తగా. కంపెనీవాళ్లను అడిగితే "అది గవర్నమెంటు ప్లాను కద మేడం" అన్నారు. సార్‌వాళ్లు నాకు ఒక్క మాట చెప్పకుండా మా ల్యాబు ఖర్చంతా కొట్టేసి, చివరి పేజీ కృతజ్ఞతల్లో మాత్రం నా పేరు వేశారు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆ వానాకాలంలోనే మా కాక కాలికి పుండైంది. షుగరు మనిషి. చీమును పరీక్షకు హైదరాబాద్ పంపాం. రిపోర్టు వచ్చేలోపు డాక్టర్లు అందాజుగా ఒక మందు ఇచ్చారు, అది పని చేయక ఇంకొకటి ఇచ్చారు. నల్లబడ్డ పాదం తీసేశాక వచ్చింది రిపోర్టు. వాడిన రెండు మందులకూ ఆ క్రిమి లొంగదట. లొంగే మందు మా దవాఖాన అలమారలోనే ఉంది. ఆ కాగితం చదువుతుంటే సార్ మీద పుట్టిన మంట ఇవాళ్టికీ చల్లారలేదు. నేను గురువని మొక్కిన మనిషి నన్ను అడ్డం పెట్టుకుని మావాళ్లను మోసం చేశాడు.

మొన్న ఆయన మళ్లీ ఫోన్ చేశారు. వచ్చే ప్లానుకు అంచనా కావాలట. "ఈసారి కొంచెం చిన్నగా వెయ్యమ్మా" అన్నారు. రానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ సంగతి కాకకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని, పాదం లేని కాలి మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"నువ్వు అబద్ధమాడినవని నేనంటలేను బిడ్డా" అన్నాడు. "నా మొఖం చూసి కాలనీవోళ్లంత నిన్ను నమ్మిండ్రు. గిప్పుడు వాళ్లకు నేనేం చెప్పాలె?"