బుచ్చయ్య చేతులు

ముడిమ్యాలలో ఎవరి క్యారెట్ మడికి పురుగు తగిలినా మందు కొట్టడానికి బుచ్చయ్యనే పిలుస్తారు. ఏండ్ల తరబడి వీపున పంపు, మూతికి తువ్వాల.

"మా ఒంటికి మందు అలవాటైంది మేడం. మమ్ముల కుడితే దోమనే సస్తది!" అని పట్నం నుంచి వచ్చిన సైంటిస్టు పూర్ణిమతో నవ్వుతూ అన్నాడు.

పూర్ణిమ పురుగుమందుల మీద పరిశోధన చేస్తుంది. తను తెలుసుకున్నది రైతులకు కండ్లారా చూపించాలని ఊరి బడికి వచ్చింది. ఆ రోజు పంపులో మందు పోయనివ్వలేదు. నీళ్లలో ఏదో తెల్లటి పొడి కలిపి, "ఇది ఏం చెయ్యదు బుచ్చన్నా. ఎప్పటిలెక్కనే కొట్టుకొని రా" అంది.

బుచ్చయ్య బడి పక్క మడిలో కొట్టి వచ్చాడు. ఆ వింత చూద్దామని భార్య ఎంకమ్మ కూడా మనవరాలు సింధుజను తీసుకొని వచ్చింది. మూడేండ్ల పిల్ల. "తాతా" అని ఉరికొస్తే చంకల్లో చేతులేసి లేపాడు, తువ్వాల కొసతో చీమిడి తుడిచాడు, మళ్లీ ఎంకమ్మకు అందించాడు.

కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో పూర్ణిమ ఊదారంగు లైటు వేసింది. బుచ్చయ్య చేతులు పచ్చగా వెలిగాయి. పంపు కారిన వీపంతా వెలిగింది.

"పెండ్లి పందిరి లెక్క మెరుస్తున్నవేందే అన్నా!" అని పక్క మడి పాండు అరిచాడు. అందరూ నవ్వారు. బుచ్చయ్య కూడా.

ఎంకమ్మ పిల్లనెత్తుకొని ముందుకొచ్చింది.

పిల్ల గౌను మీద, చంకల కింద, వేళ్ల గుర్తులు. ఏ వేలికావేలు తెలుస్తోంది. ముక్కు కింద, మూతి చుట్టూ అదే పచ్చటి వెలుగు. పిల్ల బొటనవేలు చప్పరిస్తోంది.



"నీళ్లే గదా మేడం?" బుచ్చయ్య అడిగాడు.

"నీళ్లే బుచ్చన్నా. ఇయ్యాలైతే నీళ్లే."

ఇయ్యాలైతే. మరి మొన్న? గోబీకి మందు కొట్టొచ్చిన రోజు పిల్లకు ఒకటే వాంతులు. ఎంకమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. వాంతి చేసుకున్న ప్రతిసారీ మూతి తుడిచింది బుచ్చయ్యే. ఈ తువ్వాలతోనే.

ఆ మాట ఎట్లాగో బయటికి చెప్పాడు. పూర్ణిమ లైటు ఆర్పేసింది.

"రేపు పొద్దుగాల్నే పిల్లను చేవెళ్ల దవాఖానకు తీసుకపోదాం. నేను గూడ వస్త. ఇగ నుంచి మడి కాడ్నే స్నానం చేసి, బట్టలు మార్చుకొని ఇంటికి పో. ఆ తువ్వాల ఇంటికి తేకు."

"గా లైటు నాకు ఇచ్చి పోతవా అమ్మా? దినాం చూసుకుంట."

"అది ఈ పొడినే చూపిస్తది బుచ్చన్నా. మందును చూపియ్యదు."

సాయంత్రం బోరు కింద సబ్బు అరిగేదాకా రుద్దుకున్నాడు. తువ్వాలను అక్కడే ముండ్లకంప మీద వదిలేశాడు. ఇంటి వాకిట్లో అడుగు పెట్టగానే సింధుజ చేతులు చాపి ఉరికొచ్చింది. బుచ్చయ్య రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. శుభ్రంగా ఉన్నాయి చేతులు. మొన్న కూడా గిట్లనే ఉండె.

తాత కొత్త ఆట మొదలుపెట్టాడనుకొని, పిల్ల కూడా రెండు చేతులూ పైకెత్తి నవ్వింది.