రంగు గీకిన చోటు

ఎండిన నేలను కూడా విడిచిపెట్టని దేవునికి స్తోత్రం. నన్ను సరిహద్దుల్లో కాచి, క్షేమంగా ఇంటికి చేర్చి, మళ్లీ పనిలో పెట్టిన ఆయన నామానికే మహిమ.

సంఘంలో అందరూ నన్ను ఎడారి సరిహద్దు గురించి అడుగుతారు. అక్కడ నేను సైన్యంలో రేడియో ఆపరేటర్ని. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది పెన్షన్ వచ్చాక కణేకల్‌లో చేసిన వేసవి డ్యూటీ.

మే నెల మొదట్లో అక్కడ దిగాను. హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బలు. వేడి గాలి. నా సామాను: సొంత మోటర్‌సైకిల్, నీళ్ల బాటిల్, స్పానర్ల సంచి, మడత కత్తి. ఆర్డరు ఒక్కటే. పొద్దున ఎనిమిదికి ఆసుపత్రిలో టీకాల పెట్టె తీసుకోవాలి. దారిలో మూత తెరవకుండా దిబ్బల అవతలి పల్లెలో నర్సమ్మకు అందించాలి. లోపల ఐసు కరిగితే మందు పనికిరాదు.

ఒక సాయంత్రం బండిలో ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ పోయింది. మెకానిక్ కొత్తది బిగించాడు. మిలిటరీ మనిషి బండికి తుప్పేమిటని, అంతకుముందే ఛాసిస్‌కు నల్లరంగు కూడా పూశాడు. మర్నాడు ఒక్క కిక్కుకే స్టార్టయింది. దిబ్బల మధ్య గుంతల్లో ఎగిరెగిరి పడి, ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు.

పెట్టెను కంపచెట్టు నీడలో పెట్టి, చొక్కా తడిపి కప్పాను. అంతలో నర్సమ్మ ఫోను.

"యాడుండావన్నా?"

"దిబ్బల్లో. బండి ఆగింది."

"మిగతా పిల్లోళ్లకు రేపైనా ఏస్తా. ఒక్క చంటిదే అన్నా. వాళ్లమ్మ పదిన్నర బస్సుకు బెంగళూరు పనికి పోతాండాది. మల్ల వానలకే వచ్చేది. వాళ్లు పోయే కాడ తట్టు లేసిందంట."

టైము తొమ్మిదిన్నర. నడిస్తే అందుకోలేను.

పెట్రోల్ పైపు పీకాను. ధార వచ్చింది. ప్లగ్గు విప్పాను. తడిగా ఉంది. ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. నిప్పురవ్వ లేదు. వైర్లన్నీ చూశాను. ఎక్కడా తెగలేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే కాయిల్ కొత్తదేనని ఒట్టు పెట్టాడు.

"నా చేత్తో బిగించినా అన్నా. కావల్నంటే నన్ను తిట్టు, కాయిల్‌ను తిట్టొద్దు."

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాను. స్పానర్ తిప్పుతూనే ప్రార్థించాను. కింద ఉన్న కాయిల్ చూద్దామని ట్యాంకు విప్పుతుంటే ఎడారిలో మా హవల్దార్ గుర్తొచ్చాడు. రేడియో మూగబోతే ఆయన ముందు సెట్టు జోలికి పోయేవాడు కాదు. నేలలో దిగేసిన ఎర్త్ కడ్డీ తుప్పు గీకించేవాడు. మేం తాగే నీళ్లు దాని మొదట్లో పోయించేవాడు. సెట్టు ఎంత కొత్తదైనా నేలను తాకకపోతే పలకదనేవాడు.

కాయిల్‌కు నేల అంటే ఛాసిస్ ఇనుమే. ఆ రెండింటి మధ్య నిగనిగలాడుతూ నల్లరంగు ఉంది. బోల్టు ద్వారా అందుతున్న కాస్త ఎర్తూ కుదుపులకు వదిలేసింది. తెల్లటి ఇనుము కనబడేదాకా కత్తితో గీకాను. బిగించాను. మూడో కిక్కుకు బండి స్టార్టయింది.

మెకానిక్‌కు ఫోన్లో "రంగు" అని మాత్రం చెప్పాను.

"నువ్వు పో అన్నా. సాయంత్రం వచ్చి తిట్టు."

పల్లె చేరేసరికి బస్సు నిలబడి ఉంది. నర్సమ్మ ఒక కాలు మెట్టు మీద వేసి, కదలనివ్వకుండా తలుపు పట్టుకుంది.

"ఏమప్పా మిలిటరీ, యుద్ధం అయిపోయినాక వచ్చినావే," అంటూ డ్రైవరు ఇంజను ఆపాడు. "మల్ల స్టార్టు కాకపోతే నువ్వే తొయ్యల్ల."

పెట్టె తెరిస్తే ఐసు ఇంకా గట్టిగానే ఉంది. నర్సమ్మ మందు సీసా చూసి తల ఊపింది. సూది పడింది. పిల్ల ఊరంతా వినబడేలా ఏడ్చింది. అరగంట కూర్చోవాలని నర్సమ్మ అంటే, డ్రైవరు గొణుగుతూనే టీకి వెళ్లాడు.

జూన్ నెలాఖరుకు డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చాను. ఆ గీకిన చోట మళ్లీ రంగు వేయనివ్వలేదు. కళ్లు మూస్తే ఆ బస్సు కిటికీయే కనబడుతుంది. తల్లి నాకు చేయి ఊపలేకపోయింది. ఒక చేతిలో పిల్ల, రెండో చేతి బొటనవేలు సూది పడిన చోట దూది మీద గట్టిగా ఉంది. తల మాత్రం ఊపింది.

ఈ వేసవిలోనూ ఆ బస్సు నిండుగానే పోతోంది. ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆ తల్లులను, ఒడిలోని బిడ్డలను పోయినంత క్షేమంగా తిరిగి తీసుకురా. ఆమేన్.