తెల్ల నాడా కట్టిన ఫైళ్లు

మా పిన్ని వైద్య కళాశాల ఆసుపత్రిలో రికార్డు గది గుమాస్తా. పందొమ్మిదేళ్లుగా అదే గది, అదే స్టూలు, అదే ఇనుప నిచ్చెన. ఏ ఫైలు అడిగినా టీ చల్లారేలోపు చేతికిస్తుందని పేరు. అద్దకం మిల్లు కార్మికులకు ఏటా పరీక్షలు చేసేది ఈ ఆసుపత్రే కాబట్టి వాళ్ల ఫైళ్లూ ఆమె దగ్గరే ఉంటాయి. పనిలో ఉన్నవాళ్ల ఫైళ్లు ఎర్ర నాడాతో ముందు అరల్లో. మిల్లు మానేసినవాళ్లవి తెల్ల నాడాతో వెనక గది బీరువాలో. అంతకుముందు అన్నీ కలిసి కుప్పగా పడి ఉండేవట. ఈ పద్ధతి పెట్టింది పిన్నే. దానికి పైవాళ్లు మెచ్చుకున్న సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

బాబాయి ఆ మిల్లులోనే ప్యాకింగ్ చేస్తాడు. ఆ వారం ఆయన్ని అద్దకం విభాగానికి మేస్త్రీగా రమ్మన్నారు. అక్కడి ఆవిరికి ఊపిరితిత్తులు పాడవుతాయని కొందరు, అదంతా వట్టి మాటేనని కొందరు అనేవారు. ఒప్పుకుంటే మధ్యాహ్నం షిఫ్టులోపు సంతకం పెట్టాలి. మా పిల్లలు లెక్క కడుతున్నారు, అది తేలేదాకా ఆగమంది పిన్ని. మా పిల్లలంటే ఆ ఫైళ్లు చూసి జబ్బుల లెక్క తీస్తున్న మెడికల్ విద్యార్థులు.

సెలవులకు వచ్చిన నేను ఆ రోజు పొద్దున ఫైళ్లు మోసిపెట్టి, పిన్నితో పాటు క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నాను. ప్రొఫెసరమ్మ బోర్డు మీద నాలుగు గళ్ల పట్టిక గీసింది. అద్దకంలో ఎనభై మంది, ఊపిరి జబ్బు ఎనిమిది మందికి. ప్యాకింగ్‌లోనూ ఎనభై మంది, జబ్బు ఎనిమిది మందికే. అక్కడ వందకు పది, ఇక్కడా వందకు పది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే రిలేటివ్ రిస్క్. ఒకటి వచ్చిందంటే ఆ పనికీ జబ్బుకీ సంబంధం కనిపించడం లేదని అర్థం, అని చెప్పింది.

పిన్ని వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"ఒకటొచ్చిందండీ. మీరు సంతకం పెట్టేయండి."

"ఒకటేనా? నాకూ పరీక్షల్లో అంతే వచ్చేది" అని బాబాయి నవ్వడం నాకూ వినిపించింది.

తిరిగి వచ్చి ఫైళ్లు సర్దుతూ పిన్ని ఒకచోట ఆగింది. "ఈలాయన ఫైలేదే?"

ఈలాయన అద్దకం పనివాడు. ఏటా పరీక్షకు ఈల వేసుకుంటూ మెట్లెక్కేవాడు. కిందటేడు మూడు మెట్లకోసారి ఆగుతూ, ఈల లేకుండా వచ్చాడట.

"మానేశాడేమో పిన్నీ. తెల్ల నాడా వేసి ఉంటావు" అన్నాను మామూలుగానే.

పిన్ని చేతిలో నాడా అలాగే ఉండిపోయింది. కార్మికుల ఫైళ్లు కావాలని అడిగారు విద్యార్థులు. కార్మికులంటే ఆమెకు ఎర్ర నాడా. అవే ఇచ్చింది.

వెనక గది బీరువా తెరిచాం. నేను చదువుతుంటే పిన్ని రాసుకుంది. అద్దకం, ఆయాసం. అద్దకం, ఆయాసం. ప్యాకింగ్, వయసు మీరింది. అద్దకం, దగ్గు, ఆయాసం. అద్దకం నుంచి మానేసినవాళ్లు నలభై మంది. వాళ్లలో జబ్బుపడ్డవాళ్లు ఇరవై ఎనిమిది. ప్యాకింగ్ నుంచి ఇరవై మంది మానేస్తే జబ్బు ఇద్దరికి.

"ఈ నాడా ముడులన్నీ వేసింది నేనే" అంది పిన్ని. ఎవరితో అన్నదో తెలియలేదు.

పందొమ్మిదేళ్లలో క్లాసులో నోరు విప్పని మనిషి, ఫైళ్లు గుండెకు హత్తుకుని నేరుగా బోర్డు దాకా నడిచింది. ప్రొఫెసరమ్మ కాగితం చూసి పాత అంకెలు చెరిపేసింది. అద్దకంలో ఇప్పుడు నూట ఇరవై మందికి ముప్పై ఆరు, అంటే వందకు ముప్పై. ప్యాకింగ్‌లో వందకు పదే. భాగిస్తే మూడు. అద్దకంలో ముప్పు మూడింతలు.

"జబ్బుపడ్డవాళ్లు వెళ్లిపోతే మిగిలేది గట్టివాళ్లే" అంది ప్రొఫెసరమ్మ. "మానేసినవాళ్లేరీ అని నేను అడగాల్సింది. తప్పు నాది."

పిన్ని అప్పటికే బాబాయికి ఫోన్ చేస్తోంది. ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మిల్లులో పనివేళ ఫోన్లు అలమారాలో పెట్టి తాళం వేస్తారు. గేటు దగ్గరికి వెళ్లి కబురు పంపమన్నాం. షిఫ్టు అయ్యేదాకా కుదరదన్నాడు కాపలావాడు. రెండు గంటలు నిలబడ్డాం.

బాబాయి మోచేతుల దాకా నీలం రంగుతో వచ్చాడు. "ఏంటే, ఇద్దరూ ఊరేగింపుగా వచ్చారు?"

పిన్ని ఆ ఇరవై ఎనిమిది పేర్ల కాగితం చేతిలో పెట్టింది. నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు. సగంలో నవ్వు పోయింది.

"ఇతను వేరే పని దొరికి మానేశాడు కదా?"

"ఫైల్లో ఆయాసమని ఉంది."

"ఈయన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడన్నారే. నేనే స్టేషన్‌లో దించొచ్చాను."

"ఆయాసమేనండీ."

బాబాయి మిగతా పేర్లు చదవలేదు. నీలం వేళ్ల గుర్తులు పడిన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం వెనక్కి తీసుకుని వస్తా. ఇక్కణ్ణుంచి కదలకండి" అని మళ్లీ గేటులోకి, ఈసారి ఆఫీసు వైపు నడిచాడు.

మేం కదల్లేదు.