రెండు మూరల వట్టి నేల

శుభ్రం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హోసూరులో మా పెరట్లో అమ్మ తెల్లచారల వంకాయలు పండించేది. విత్తనం రాయకోటలోని ఆమె పుట్టింటిది. అవ్వ పోయాక మేనమామ అక్కడి దొడ్డి అమ్మేశాడు. ఇక ఆ విత్తనం మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. అమ్మ ఏటా ఒక కాయను చెట్టుకే పండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి దాచుకునేది.

వంగమడి పక్కన రెండు మూరల వట్టి నేల. దాన్నిండా చిన్న బొరియలు, వాటి చుట్టూ మట్టిపొడి. నేలలో గూడు పెట్టుకునే తేనెటీగలవి. కుట్టేవి కావు, తేనె ఇచ్చేవీ కావు. కానీ వంగపువ్వును పట్టుకుని అవి గుయ్యిమంటేనే పుప్పొడి రాలుతుందని అమ్మ కనిపెట్టింది. పార అటు పోనిచ్చేది కాదు. నీళ్లు చెంబుతో మొక్క మొదట్లోనే పోసేది. శుక్రవారం పెరడంతా కల్లాపి చల్లి ఆ కాస్త చోటు మాత్రం వదిలేసేది. అంగడి పెట్టుకున్న కలిగిన ఇంటి కోడలికి పేడనీళ్లకు కూడా బద్ధకమేనని పక్కింటావిడ గోడ మీంచి నవ్వేది. అమ్మ పట్టించుకునేది కాదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

డెబ్బైల చివర్లో, చెట్లు పూతకొచ్చిన రోజుల్లో, అమ్మ బాగలూరులో పెళ్లికి పోయింది. కృష్ణగిరి నుంచి మేనత్త దిగింది. పెరడు చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏం పాపా, ఈడంతా చీమలపుట్టలేనా? మీయమ్మకు కండ్లు కనపడవా?"

చీమలు కావని చెప్పడానికి నాకు నోరు లేకనా? పదహారేళ్లు నాకు. చెప్పలేదు. పేడ, ఎర్రమన్ను కలిపి ఆ చోటంతా మందంగా అలికాను. పైన ముగ్గు కూడా పెట్టాను. రెండు రోజుల ఎండకు అది పెంకులా బిగిసింది.

అమ్మ వచ్చీ రాగానే సంచి పడేసి గరిటె కాడతో గీకింది. రెండు మూడు బొరియలు తెరుచుకున్నాయి. ఏదీ బయటికి రాలేదు.

"ఆడ అలకొద్దని ఎన్నిసార్లు చెప్పినాను? నిలువునా పూడ్చేస్తిరి గదా!"

"ఈగల కోసరం ఇంత రచ్చ చేస్తావేమమ్మా?" అంది అత్త.

"సంతలో వంకాయలకేం కరువొచ్చె?" అన్నాడు నాన్న లోపల్నుంచి. ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయన్ను క్షమించలేదు.

పూసిన పువ్వు పూసినట్టే రాలింది. నిలిచినవి మూడు వంకర కాయలు. అమ్మ వాటిని చివరిదాకా పండనిచ్చి కోసింది. గట్టి గింజ ఒక్కటీ లేదు. దాచిన విత్తనమంతా అంతకుముందే ఆ ఏటి నారుకు పోసేసి ఉంది, ఇక మిగిలింది లేదు.

అత్త చనిపోయేదాకా నా అలుకుడును మెచ్చుకుంటూనే ఉంది. ఆమె మీద కోపమే. అంతకంటే ఎక్కువ, తెలిసీ నోరు మూసుకున్న ఆ పదహారేళ్ల పిల్ల మీద.

కాయలు కోసిన వారమే అమ్మ శుక్రవారం పేడనీళ్లు కలిపింది. ఈసారి ఆ రెండు మూరలూ వదల్లేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఇప్పుడు చూడమ్మా, ఎంత లక్షణంగా ఉందో!"