ఇంటిపేరున్న చెంచాలు

గల్ఫ్‌లో, అబుదాబి దాటాక వచ్చే రువైస్ ఊరి రిఫైనరీలో మా ఆయన పద్నాలుగేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేశారు. ఆవిరి, ఆమ్లం, అధిక పీడనం, ఇవేవీ అన్నేళ్లలో ఆయన వేళ్ల జోలికి రాలేదు. వచ్చింది నేను. సూపర్‌మార్కెట్ ముందు, మా సొంత కారు దగ్గర, పట్టపగలు.

ఆయన వంగి వెనక సీట్లో బియ్యం మూట సర్దుతున్నారు. కుడిచెయ్యి ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉండే స్తంభం మీద ఆనించారు. నేను ముందునుంచి దిగి తలుపు వేశాను. నాకు తలుపులు గట్టిగా వేసే అలవాటుంది. ఈ విషయం మా ఫ్రిజ్జుకి ముందే తెలుసు.

బొటనవేలు, చూపుడువేలు. ఎముకలు అతుక్కున్నాయి, కుట్లు మానాయి. కానీ ఆ రెండు వేళ్లూ ఆస్తి పంపకాలు అయిపోయిన అన్నదమ్ముల్లా ఒకదాన్నొకటి కలవడం మానేశాయి. చూపుడువేలి కొసకి స్పర్శ కూడా లేదు. ఆయన పనంతా ఆ రెండు వేళ్లదే. మీటర్ల లోపల ఉండే మరలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. కంపెనీ డాక్టరు పది వారాలు గడువిచ్చారు. ఆ తర్వాత ఒక పలక మీద చిన్న చిన్న నట్లు, మరలు పెట్టి తియ్యమంటారు. తీస్తే ఫిట్. తియ్యలేకపోతే ఆ ఉద్యోగం ఖలాస్, దాంతోపాటు వచ్చిన ఫ్లాటూ, వీసా కూడా. అది 2021, కరోనా ఇంకా పోలేదు. ఇది పోతే ఇంకోటి చూసుకోవచ్చులే అని ఎవరైనా అంటే మర్యాద కోసం నవ్వాల్సిన కాలం.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇబ్బంది. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని. ఒకటి మాత్రం చేశారు. ఆ రోజునుంచి కారు నడపడం నా వంతైంది, తలుపులు వెయ్యడం ఆయన వంతైంది. నేను కూర్చోగానే ఎడమచేత్తో నా తలుపు మెత్తగా వేసి, చుట్టూ నడిచి వెళ్లి తనవైపు తలుపూ తానే వేసుకునేవారు. చూసినవాళ్లు ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో అనుకుని ఉంటారు.

ఫిజియోథెరపీ సిస్టర్ మలయాళీ. ఆకుపచ్చ మైనం లాంటిది ఒక ముద్ద ఇచ్చి రోజుకి మూడుసార్లు పిసకమంది. ఈయన దాన్ని నేను చూసినప్పుడు పిసికేవారు, నేను తల తిప్పగానే టీవీ పక్కన పెట్టేవారు.

"ఏంది మే ఇది, ఎల్‌కేజీ పిల్లోళ్ల ఆట. చపాతీ పిండి పిసికినా ఇంట్లో ఒక పనవుతుంది" అన్నారు. మా నెల్లూరు వైపు భార్యని "మే" అనే పిలుస్తారు.

సరేనన్నాను. రెండు రోజులు చపాతీలు చేశారు. మూడో రోజు నేనే వద్దన్నాను. చేతికి మంచివే, పళ్లకి కాదు.

నాలుగో వారంలో పక్క ఫ్లాటు భాయ్ తలుపు తట్టాడు. కడప మనిషి, క్రేన్ ఆపరేటరు. శుక్రవారం వస్తే చేపల లైసెన్సు, గేలం పట్టుకుని బీచికి పోతాడు.

"భాభీ, అబుదాబి పొయ్యేవాళ్లుంటే చెప్పండి. స్పిన్నర్లు తెప్పించుకోవాల. అన్నీ రాళ్లు తినేసినాయి. ఇదొక్కటే మిగిలె."

అరచేతిలో పెట్టి చూపించాడు. జానెడు కూడా లేని స్టీలు తీగ, దాని మీద ఒక సీసపు గుండు, రెండు పూసలు, కింద మూడు కొనల గేలపు ముల్లు. పైన ఆకు ఆకారంలో చిన్న రేకు, తీగ చుట్టూ తిరిగేలా ఒక బుల్లి కొక్కేనికి తగిలించి ఉంది. నీళ్లలో లాగితే రేకు గిరగిరా తిరిగి తళతళలాడుతుందట. ఎవడో చిన్నచేప ప్రాణభయంతో పారిపోతున్నాడనుకుని పెద్దచేప వెంటపడుతుందట. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. చేపకి ఎన్ని మొప్పలో చెప్పగలను గానీ, అది ఇంత సులభంగా మోసపోతుందని మాకు సిలబస్‌లో లేదు.

మా ఆయన దాన్ని ఎడమచేత్తో తీసుకుని రేకుని ఒకసారి ఊదారు. తిరిగింది. మళ్లీ ఊదారు.

"ఇది టర్బైన్ మీటరే కదా భాయ్. గొట్టంలో నూనె ఎంత జోరుగా పోతావుందో కొలిచేదాన్లో ఇట్టాంటి చక్రమే తిరగతా ఉంటది. దీనికోసం రెండున్నర గంటలు అబుదాబి పోవాల్నా? నేను చేస్తా."

చేస్తా అనే మాట ఆయన నోట విని నాలుగు వారాలైంది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ డ్రాయరు తీసి, ఒక డజను టీ చెంచాలు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆ చెంచాల సంగతి చెప్పాలి. మా పెళ్లికి మా అత్తగారు కొన్న స్టీలు సామానంతటి మీదా ఇంటిపేరు కొట్టించారు. బిందె, పళ్లెం, మరచెంబు, దేన్నీ వదల్లేదు. టీ చెంచా కాడ సన్నం, అక్షరాలు పట్టవని షాపువాడు చెప్తే, గుంట వెనకాల కొట్టమన్నారట. పద్నాలుగేళ్లుగా మేం చక్కెర కలుపుకున్నదంతా ఇంటిపేరుతోనే.

"అమ్మకి తెలిస్తే?" అన్నారు.

"మీ చేతికోసమే కదా" అన్నాను. తలుపు వేసిన తర్వాత ఆ విషయానికి దగ్గరగా నేను అన్న మొదటి మాట అదే.

బాల్కనీలో పని మొదలైంది. టీకి ఒకటి ఉంచుకుని మిగతా చెంచాలకి భాయ్ రంపంతో కాడలు కోశాడు, గుంట అంచున బెజ్జం వేశాడు. నాకు ఆకురాయి ఇచ్చి అంచులు నున్నగా రుద్దమన్నారు. పూసలు నా పాత దండలోవి, ముళ్లూ గుండ్లూ భాయ్ పెట్టెలోవి. తీగ కొసని శ్రావణంతో మెలితిప్పి దారం కట్టే గుండ్రటి కన్ను చెయ్యడం మాత్రం ఆయన కుడిచేత్తోనే చెయ్యాలని షరతు పెట్టాను. ఏ హోదాలో పెట్టావని అడగలేదు.

మొదటి కన్ను అరగంట పట్టింది. శ్రావణం నాలుగుసార్లు కింద పడింది. పడిన ప్రతిసారీ నేను తీసివ్వబోతే, "ఆగు" అని ఆయనే వంగి తీసుకున్నారు. చివరికి తయారైన కన్ను గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. ఐదోదానికి కాస్త సాగదీసిన సున్నా అయింది. పదకొండోది నిజంగానే సున్నా.

పదకొండింటికీ నంబరు వేసిన చీటీలు కట్టారు. పనిలో ఏ మీటరైనా పరీక్ష చేశాకే బయటికి వెళ్తుంది, మా ఇంట్లోనూ అదే నియమం. కంపెనీ ఇచ్చిన ఫ్లాటులో స్నానాల తొట్టి ఉంది. చేరిన రోజునుంచీ దుప్పట్లు నానబెట్టడానికి తప్ప దాన్ని వాడింది లేదు. దాన్ని నింపి, మొదటిదానికి దారం కట్టి లాగారు.

తిరగలేదు. ఇక్కడ ముదీర్ అని పిలిచే మేనేజరు వెనకాల ఫైళ్లు పట్టుకుని నడిచే గుమాస్తాలా బుద్ధిగా వెంటవచ్చింది. రెండోదీ అంతే. పదకొండూ అంతే. మొత్తం ఆఫీసే కదిలొచ్చినట్టుంది.

ఈయన తొట్టి అంచున కూర్చుండిపోయారు. భాయ్ ఒకదాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. రేకుని తీగకి తగిలించే కొక్కెం ఉంది కదా, దాని బెజ్జాలు సరిగ్గా తీగ లావుకే ఉన్నాయి. వెంట్రుక కూడా దూరదు. మైక్రోమీటరుతో కొలిచి మరీ అలా చేశారు మా ఆయన.

"సార్, మీరు మీటరు జేసినారు" అన్నాడు భాయ్ మెల్లగా. "మీటరుకి వదులుంటే తప్పు. దీనికి వదులు లేకుంటే తప్పు. ఉప్పునీళ్లల్ల వదులు గావాల సార్."

మేకు తీసుకుని ఆ బెజ్జాలని నిర్దాక్షిణ్యంగా పెద్దవి చేశాడు. మా ఆయన మొహం చూస్తే, ఎవరో ఆయన సర్టిఫికెట్లు చించుతున్నట్టుంది. మళ్లీ లాగారు. రేకు ఒకసారి వణికి, గిర్రున తిరిగింది. ఇంటిపేరు తెల్లటి గీతైపోయింది.

"అయితే పదకొండూ విప్పి మళ్లీ చెయ్యాల" అన్నారు ఆయన, పళ్లమధ్యలోంచి.

అంటే తీగలు కొత్తవి, పదకొండు కొత్త కన్నులు, పదకొండు కొక్కేలు. ఏ మైనమూ ఆయనతో చేయించలేని కసరత్తు. నేను చాలా విచారం వ్యక్తం చేశాను. వంటింట్లోకి వెళ్లాక పాయసం పెట్టాను.

ఏడో వారంలో సిస్టర్ ఆయన వేళ్ల పట్టు కొలిచి, యంత్రం మీద అంకె చూసి, మళ్లీ కొలిచింది.

"ఇంట్లో ఏం చేయిస్తున్నారు?" అని హిందీలో అడిగింది.

"చేపలకి నగలు" అన్నాను.

ఆమె కాగితం మీద ఏదో రాసి, ఆపకండి అంది. అయితే కళ్లు మూయించి చూపుడువేలి కొసమీద దూదిపోగుతో నిమిరినప్పుడు ఆయన ఏమీ చెప్పలేకపోయారు. నిమరడం అయిపోయిందని కూడా ఆయనకి తెలియలేదు.

తొమ్మిదో వారం శుక్రవారం పొద్దున, ఫోన్లో లైసెన్సులు తీసుకుని, మేమూ భాయ్ వెంట బీచికి వెళ్లాం. ఆయన కుడిచేత్తో కర్ర పట్టుకుని, దారాన్ని చూపుడువేలి కొస మీదుగా పోనిచ్చి విసిరారు. మొదటిసారి నాచు వచ్చింది. రెండోసారి ఇంకా మంచి నాచు. మూడోసారి ఒక చెంచా రాళ్లపాలైంది. ఇంటిపేరు మొదటిసారి అరేబియా గల్ఫ్‌లో నమోదైంది.

ఏ ఆరోసారో, ఏడోసారో విసిరి చుట్టుకుంటున్నవారల్లా ఆగిపోయారు. మళ్లీ మెల్లగా చుట్టారు.

"మే."

"ఏంటండీ?"

"తిరగతా ఉండాది."

"కనిపిస్తోందా?"

"కనపడ్డంలా. వేలికి తెలస్తా ఉండాది. దారం జుమ్మంటా ఉండాది వేలి మీద."

"చేప పడిందా సార్?" భాయ్ అటునుంచి కేకేశాడు.

"చేప కాదు భాయ్. చెంచా!"

నేను అటు తిరిగి కాసేపు రిఫైనరీ పొగగొట్టాలకేసి చూశాను. ఎండ కళ్లలో పడింది. రువైస్ ఎండకి ఇలాంటి ఉపయోగాలు కూడా ఉన్నాయి.

చేప తర్వాత పడింది. నెల్లూరులో మేం పార అంటాం, ఇక్కడివాళ్లు జష్ అంటారు. అరచేతికన్నా కాస్త పెద్దది. భాయ్ చూసి, "చంటిబిడ్డ సార్, వదిలేయండి" అన్నాడు. వదిలేశాం. మధ్యాహ్నం పప్పుచారుతోనే తిన్నాం.

ఆ సాయంత్రం అత్తగారు వీడియో కాల్‌లో టీలో చక్కెర కలుపుతున్న నన్ను చూసి అడిగారు.

"అదేందమ్మా, పెద్ద గరిటతో కలపతా ఉండావు? చెంచాలేమయినయ్?"

"సముద్రంలో ఉన్నాయత్తయ్యా."

జరిగిందంతా ఆయనే చెప్పారు. చేప ఎంతుందో చూపించడానికి కుడిచెయ్యి పైకెత్తి బొటనవేలూ చూపుడువేలూ చాచారు. ఆవిడ చేప కొలత చూడలేదు, వేళ్లనే చూశారు. చాలాసేపు చూశారు.

"ఎన్ని మిగిలినయ్?"

"ఒక్కటి, అత్తయ్యా. ఆయన కప్పులో ఉంది."

"దాన్నీ కోసెయ్. ఒక్క చెంచా ఏ మూలకి?"

పరీక్ష రోజున డాక్టరు పలక మీద పన్నెండు నట్లు పెట్టారు. నేను గోడవారగా కూర్చుని నా చేతులు నేనే పట్టుకున్నాను. ఆయన ఒక్కొక్కటే తీసి మరకి ఎక్కించారు. ఎనిమిదోది జారి బల్లకింద పడింది. డాక్టరు వంగబోతే, మా ఆయన "ఆగండి" అని తెలుగులోనే అని, తానే వంగి తీశారు. దూదిపోగు పరీక్షలో ఐదింట్లో మూడు చెప్పారు. డాక్టరు కాగితం మీద రాసింది ఇదీ: మూడు నెలలు వర్క్‌షాపులో బెంచి మీద పని, ప్లాంటు లోపలికి వెళ్లకూడదు, తర్వాత మళ్లీ చూస్తాం.

ఫిట్ అనే మాట అందులో ఉంది. దాని పక్కన షరతులు కూడా ఉన్నాయి. మేం పెళ్లి చేసుకున్నది ఇంతకన్నా ఎక్కువ షరతులతోనే.

కారు దగ్గరికి వచ్చాం. నేను అలవాటు ప్రకారం నా సీటువైపు వెళ్లి, ఆయన వచ్చి తలుపు వేస్తారని తెరిచి నిలబడ్డాను. ఆయన రాలేదు. అటువైపు వెళ్లి, తన సీట్లో కూర్చుని, తలుపు బార్లా తెరిచే ఉంచి, కాగితాన్ని కుడిచేతి రెండు వేళ్లతో పట్టుకుని చదువుకుంటున్నారు.

"రండి, తలుపులు వెయ్యరా?" అన్నాను.

తలెత్తలేదు. "నా చేతులు ఖాళీ లేవు. నువ్వే వెయ్యి మే."

చుట్టూ తిరిగి వెళ్లాను. ఆయన కుడిచెయ్యి ఎక్కడుందో చూశాను. ఎడమచెయ్యి చూశాను. కాళ్లు చూశాను, చొక్కా కొస చూశాను. మళ్లీ కుడిచెయ్యి చూశాను.

"యల్లా మే, కానీయ్, ఏసీ అంతా బయటికి పోతావుంది."

వేశాను. జీవితంలో ఏ తలుపూ అంత నెమ్మదిగా వెయ్యలేదు. అందుకే సరిగ్గా పడలేదు, దారి పొడవునా కారు టింగు టింగుమంటూనే ఉంది.