నెమలి మెడ మీద నా బండి

పోయిన కార్తీకంలో నేనూ మా ఆవిడా మైపాడు బీచికి వెళ్లాం. ఆమె కర్రపుల్లతో తడి ఇసుకలో గీతలు గీస్తూ చాలా దూరం వెళ్లిపోయింది.

"ఇంత పెద్ద ముగ్గేయాలని ఎన్నాళ్ల కలో! అలలొచ్చేలోగా అయిపోవాల" అంది.

"ఎద్దు దున్నినట్టుండాది. చాల్లే, పోదాం పా" అని నవ్వి, బైకును ఆ గీతల మీదుగానే పోనిచ్చాను.

తీరం పక్కనే ఉన్న మేడ మీది జనం గగ్గోలు పెట్టారు. "అన్నా, బండి తీయన్నా! నెమలి మెడ మీద ఉండావు!"

సిగ్గుపడుతూ బండి పక్కకు తీసి, మేడెక్కి చూశాను. తీరం పొడవునా పురివిప్పిన నెమలి. దాని ముక్కు కిందుగా, మెడకు అడ్డంగా నా టైరు జాడ! నేను చూస్తుండగానే ఆమె ఆ జాడకు పడగ గీసి, పాముగా మార్చి, నెమలి ముక్కున కరిపించింది. మేడంతా చప్పట్లు.

ఇరవై ఏళ్లుగా ఆమె కలను వాకిలి దాటనివ్వనిది నేనే. ఆ పాము ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.