కోటు చేతికి అంటిన రంగు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. వల్లకాడు పక్క చేనికి ఒంటరిగా నీళ్లు కట్టి పెరిగినవాణ్ణి. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ కువైట్‌లో పట్టపగలు నాకు కనిపించిన మనిషి ఎవరంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మాది రాయచోటి పక్క పల్లె. ఇరాక్ సైన్యం కువైట్ మీద పడిన ఏడు నేను జాబ్రియాలో ఒక డాక్టరు ఇంట్లో డ్రైవర్ని. నా భార్య నాగమ్మ అదే ఇంట్లో వంట చేసేది. మా పాపకు మూడేళ్లు, ఊళ్లో మా అత్త దగ్గర ఉండేది. డాక్టరు రష్యాలో చదివి అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆ వేసవికి దంపతులిద్దరూ వేరే దేశం వెళ్లారు. ఇంట్లో మిగిలింది ఆమె తండ్రి. ఆ ముసలాయన్ని బాబా అనేవాళ్లం.

బాబా వచ్చీరాని అరబ్బీలో ఎప్పుడూ ఒకటే కథ చెప్పేవాడు. పెద్ద యుద్ధంలో ఆయన రష్యా తూర్పు కొసన విమానాలకు రంగులు వేసే సిపాయి. జపాన్ మీద బాంబులు వేసి దెబ్బతిన్న అమెరికా విమానాలు అక్కడ దిగేవట. వాటిలోని అమెరికా వాళ్లను రష్యావాళ్లు కొన్నాళ్లు ఉంచుకుని, గుట్టుగా ఇరాన్ దారిన పంపేశారు. విమానాలను మాత్రం ఉంచేసుకున్నారు. వాటి మీది తెల్ల నక్షత్రాలు చెరిపి ఎర్ర నక్షత్రాలు వేసింది ఈయనే.

"వాళ్లు చూస్తుండగానే వేశాను" అని అక్కడ ఆగిపోయేవాడు. ఆ తర్వాత ఏదో ఉందని తెలుస్తూనే ఉండేది.

వీధుల్లోకి సైనికులు వచ్చాక, మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న డాక్టరు, బీరువాలో ఉన్న మా పాస్‌పోర్టులు తీసి బాబా మా చేతిలో పెట్టాడు. "ఖలాస్, మీ ఊరికి పోండి" అన్నాడు. ఫర్వానియా నుంచి మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని జోర్డాన్ వైపు పోతున్నారు.

"మొలకు కట్టుకో, యాడా పెట్టబాక" అంది నాగమ్మ.

నేను వినలేదు. ఏటా ఆయుధపూజకు కఫీల్ కంటబడకుండా, కారు వెనక స్పేర్ టైరు కింద పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాణ్ణి. పూజ చేసిన చోటు కదా, ఇంతకంటే భద్రం ఏముందని పాస్‌పోర్టులు అక్కడే దాచాను. మర్నాడు పొద్దున ఇద్దరు సైనికులు తుపాకి చూపించి కారు తీసుకుపోయారు.

నాగమ్మ తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. "పాప నన్ను గుర్తుపడతాదా?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

లాక్కున్న కార్లను సులైబియాలో ఒక యార్డులో పెట్టి రంగులు మారుస్తున్నారని, కూలీలు కావాలని తెలిసి పోయాను. నాకూ ఒక డబ్బా, బ్రష్షు ఇచ్చారు. మాది తెల్ల బండి. అలాంటివి అక్కడ లెక్కలేనన్ని. నంబరు ప్లేట్లు పీకేశారు, సగం బండ్లకు అప్పటికే ఆకుపచ్చ రంగు పడింది. రెండు రోజులు ఎవరెవరి కార్లకో రంగు వేస్తూ, కాపలావాడు అటు తిరిగినప్పుడల్లా ఒక్కో బండి వెనక వెతికాను. బాబా చేసిన పనే నేనూ చేస్తున్నానని తోచింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, కార్ల మధ్య ఒక తెల్లతోలు యువకుడు నడుస్తూ కనిపించాడు. ఆ మండుటెండలో బొచ్చు కాలరున్న దళసరి తోలు కోటు వేసుకున్నాడు. ముఖాన చెమట లేదు. పక్కనే ఉన్న కాపలావాడు అతని వైపు చూడనే లేదు. అప్పుడే రంగు వేసిన ఒక బండి చుట్టూ తిరిగి, దాని ముందు భాగాన్ని ఎడమ చేత్తో రెండుసార్లు తట్టాడు, ఎద్దును తట్టినట్టు. తర్వాత నన్ను చూశాడు. బాగా అలసిపోయిన ముఖం. నేను డబ్బా కింద పెట్టి తలెత్తేసరికి లేడు.

ఆ బండి వెనక తలుపు తీశాను. టైరు కింద పసుపు బొట్లు ఉన్నాయి. పాస్‌పోర్టులూ ఉన్నాయి.

సాయంత్రం బాబాకు చెప్పాను. కోటు అనగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎడమ చెయ్యేనా?"

అవునన్నాను.

"ఆ అమెరికా కుర్రాడి కుడి చేతికి కట్టు ఉండేది. రోజూ వచ్చి తన విమానం ముక్కు తట్టి పోయేవాడు" అన్నాడు. తల దించుకుని, "నాకు చలేసేది. అతని కోటు నేనే లాక్కున్నాను" అన్నాడు. ఇన్నేళ్లూ మింగేసిన మాట అదన్నమాట.

మెడలోని తాళంచెవితో తన ట్రంకుపెట్టె తెరిచాడు. నేను చూసిన కోటే, అదే బొచ్చు కాలరు. ఎడమ చేతి అంచుకు ఆకుపచ్చ రంగు అంటి ఉంది. నా చేతులకూ ఆ రంగు ఉన్న మాట నిజమే, కానీ నేను ఆ పెట్టెను ముట్టుకోలేదు. నాగమ్మ వేలితో తాకి చూసింది. ఇంకా ఆరలేదు.

రెండు రోజులకు బస్సెక్కాం. బాబాను కూడా రమ్మని బతిమాలాను.

"మళ్లీ వస్తాడేమో. కోటు ఇచ్చేయాలి" అన్నాడు.

పాప నాగమ్మను గుర్తుపట్టలేదు. దగ్గరికి రావడానికి వారం పట్టింది. ఆ యువకుడు ఎవరో, తన కోటు లాక్కున్న మనిషి ఇంటివాళ్లకు ఎందుకు దారి చూపాడో ఇప్పటికీ చెప్పలేను. బాబా ఆ కోటు ఇవ్వగలిగాడో లేదో కూడా నాకు తెలియదు.